మూడో మంచం కాళ్లకాడ

మిర్యాలగూడ దాటి కోదాడ రోడ్డు ఎక్కంగనే ఒక రెండంతస్తుల బంగ్లా ఉంటది. వయసు మీదవడ్డోళ్ల మతికి వైద్యం చేస్తమని బోర్డు పెట్టిన్రు. లోపల పన్నెండు మంచాలు. మధ్యాహ్నం ఒంటిగంటయితే పన్నెండు మందీ నిద్రే. నిద్ర అంటున్న గానీ, అది నిద్ర గాదు, గోలీ మింగించి పడేసుడు. మేలుకొనుంటే ముసలోళ్లు ఏదో ఒకటి అడుగుతరు. జవాబు చెప్పే ఓపిక ఎవనికుంది?

మూడో మంచం లింగమ్మది. తిరుమలగిరి దిక్కు గొర్లు కాసి బతికిన మనిషి. మొగడు బీరప్ప పోయి ఐదేండ్లు. అయినా రోజూ మధ్యాహ్నం వచ్చి తన కాళ్లకాడ కూసుంటడని చెప్పేది. ఏడ్వకపోయేది, భయపడకపోయేది. మంద నీడకు వడ్డంక గా యాళ్లకే వచ్చి పక్కన కూసునేటోడట, ఇప్పుడూ గా యాళ్లకే వస్తడట.

దాంతోని ఎవనికి నష్టం? సూర్యాపేటల కూసున్న డాక్టరు ఫోన్లనే డోసు రెండింతలు చెయ్యమన్నడు. ఒక్కనాడన్న ఆమె ముంగట కూసొని మాట్లాడిన పాపాన పోలే. కొడుకు ధర్మేందర్ సంతకం పెట్టిండు. మింగేది ఆమె, ఆమెను మాత్రం ఎవ్వరూ అడగలే. థూ, ఏం సదువులు ఇవి!

లింగమ్మ గోలీ ఊంచేస్తుందని ఆ రోజు నర్సు స్వరూప దాన్ని నూరి పెరుగన్నంల కలిపింది. నౌకరిల చేరిన నాలుగేండ్ల సంది అందరికీ చేస్తున్న పనే. లింగమ్మ ఒక ముద్ద తిని ఆగింది.

"ఇండ్ల ఏమన్న కలిపినవా బిడ్డా?"

"ఏం కలపలే అవ్వా."

నమ్మింది. గిన్నె నాకినట్టు తిన్నది.

రెండింటికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగినయి. కిటికీల నిండ ఎండ, అయినా గది సల్లవడ్డది. ఫినాయిల్ వాసన మీద ఇంకో వాసన లేచింది. తడిసిన గొర్రెబొచ్చు వాసన. గచ్చు మీద కట్టె చప్పుడు... టక్... టక్... మూడో మంచం కాడ ఆగింది.

పరుపు కాళ్లదిక్కు మెల్లగ కుంగింది.

"ఏమే... లేవ్వే..."

లింగమ్మ కదల్లే. మళ్ల పిలిచింది ఆ గొంతు. మళ్ల... బతిమాలినట్టు. దుప్పటి కింద ఆమె పాదాన్ని ఎవరో ఊపుతున్నరు. నోట్లెకెల్లి సొంగ కారుతుంది తప్ప లేస్తలేదు.

గొంతు స్వరూప దిక్కు తిరిగింది.

"ఎందుకు లేస్తలేదు?"

స్వరూప గోడకు ఆనుకున్నది.

"ఏం పెట్టినవ్ దానికి?"

అప్పుడు మిగిలిన పదకొండు పరుపులు కూడ కుంగినయి. ఒకటెనక ఒకటి... అన్నీ కాళ్లదిక్కే. ఎవరెవరో కూసున్నరు. ఎవరూ మాట్లాడతలేరు. కూసొని సూస్తున్నరు... వీళ్లెప్పుడు లేస్తరా అని.

కరెంటు వచ్చేసరికి ఎవరూ లేరు.

లింగమ్మ సాయంత్రం ఆరింటికి కండ్లు తెరిచింది. నాలుక మడతవడుతుంది. లేవంగనే అడిగింది.

"ఆయన వచ్చిండా?"

అక్కడ నిజం చెప్తే ఏం పోతుండె? కానీ వచ్చిండంటే, నేను నిద్రలుంటే ఎందుకు లేపలే అని అడుగుతది. అన్నంల గోలీ కలిపిన సంగతి బయటవడుతది. నౌకరి పోతది. స్వరూప తల వంచుకున్నది.

"ఎవరూ రాలే అవ్వా."

లింగమ్మ మొకం ముడుసుకపోయింది.

"అయితే నాకు నిజంగనే మతి పోయినట్టుంది బిడ్డా. ఇగ ఏమిచ్చినా మింగుత." నోరు తెరిసి పట్టుకున్నది.

గోలీలిచ్చి పడేసుడు ఒకెత్తు. ఉన్న మతిని గిట్ల ఒక్క మాటతోని గుంజుకునుడు ఇంకొకెత్తు. స్వరూపకు అది ఎరికే. అయినా గోలీ ఇచ్చింది.

డ్యూటీ దిగి బస్టాండుకు పోయి బస్సెక్కింది. తన పక్కన కిటికీ సీటు ఖాళీగనే ఉంది. కండక్టరు వస్తే ఆధార్ కార్డు తీసింది. ఆయన ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి చేతులవెట్టి, ఇంకా అక్కడనే నిలవడ్డడు.

"తాతకు కూడ తియ్యమ్మా."

"ఏ తాత? నేనొక్కదాన్నే."

కండక్టరు విసుక్కున్నడు. స్వరూప చేతిల ఉన్న టికెట్ సూపిచ్చిండు. నిడమనూరు అని ఉంది. ఆమె ఇంకా ఊరి పేరే చెప్పలే.

"మరి నువ్వు దిగేది నిడమనూరని ఆయన నాకెట్ల చెప్పిండు?"