నలభై జతల రబ్బరు పట్టీలు

"నలభై జతల రబ్బరు పట్టీలు, కెప్టెన్. అవి శత్రువుకు చిక్కకూడదు, కాలిపోనూ కూడదు."

కల్నల్ కారు దిగకుండానే చెప్పాడు. "నకిలీ ఆర్డర్లతో ఒక ముఠా తిరుగుతోంది. మన యూనిఫామ్, మన భాష. మూడు డిపోలు ఊడ్చేశారు. తరవాతిది ఇదే."

"నాకు ఎంతమంది మనుషులు?"

"మీరే." కారు దక్షిణానికి వెళ్లిపోయింది. చర్చి గడియారం పన్నెండు కొట్టింది.

1940 జూన్ 18. ప్యారిస్ పడిపోయి నాలుగు రోజులైంది. గూఢచారి శాఖ కెప్టెన్ అర్మెల్ కెర్ద్రాన్ లువార్ నది ఒడ్డున ఉన్న ఆ డిపోలోకి పరుగు తీశాడు. కల్నల్‌కు తెలియని సంగతి ఒకటుంది. అవతలి ఒడ్డున కెర్ద్రాన్ తమ్ముడు యాన్ ఫిరంగి దళం చిక్కుకుపోయింది. ఫిరంగులు లాగే హాఫ్‌ట్రాక్ బళ్లకు ముందు చక్రాలుంటాయి, వెనక తిరిగేవి రబ్బరు పట్టీలు. వారం రోజుల వెనకడుగులో రాళ్ల రోడ్ల మీద అవి తెగిపోయాయి. ఫిరంగుల్ని వదిలేసి రమ్మంటే గన్నర్లు రారు. నాలుగింటికి వంతెన పేల్చేస్తారు. ఆ లోపు పట్టీలు చేరితేనే తమ్ముడు దక్కుతాడు.

స్టోర్‌కీపర్ పూజే రొట్టె, సాసేజ్ ముందు కూర్చుని ఉన్నాడు. అంత ఆత్రంలోనూ కెర్ద్రాన్ అలవాటుగా "తృప్తిగా తినండి" అన్నాకే గుర్తింపు కార్డు చూపించాడు. "తలుపు తియ్యండి, పూజే గారూ."

"రెండు తాళాలండీ. ఒకటి నాది. రెండోది కమాండెంట్ గారి జేబులో ఉంది. భోజనానికి వెళ్లారు."

"ఎక్కడికి?"

"అది అడిగే ధైర్యం ఎవరికుందండీ? రెండింటికి వస్తారు. పదకొండేళ్లలో ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు."

"గునపం ఉందా?"

"ఉంది. అదీ లోపలే ఉంది."

ఇనుప కటకటాల వెనక పట్టీలు ఎండ తగలకుండా, పౌడరు పూసుకుని వేలాడుతున్నాయి. పూజే వాటిని ముద్దుగా చూశాడు. "రష్యా జార్ చక్రవర్తి మంచులో తిరగడానికి మనవాడే కనిపెట్టాడండీ. తరవాత సహారా దాటాయి. ఇప్పుడు ఈ ఏరు దాటడానికి ఏడుస్తున్నాం."

ముఠా వస్తే పట్టుకోవాలని కెర్ద్రాన్ గుమాస్తా కోటు తొడుక్కున్నాడు. పన్నెండుంబావుకు బయట లారీ ఆగింది. పతకాలు పెట్టుకుని కుంటుతూ ఒక మేజర్ వచ్చాడు. వెనకే డ్రైవర్ దుస్తుల్లో సోలాంజ్.

కెర్ద్రాన్ ఆమెను గుర్తుపట్టాడు. సోలాంజ్ అతని శాఖలో రహస్యాలు మోసే మనిషి. రెండేళ్లుగా అతని మనిషి కూడా. ఈ డిపో సంగతి ఆమెకు చెప్పింది అతనే. ఆమె వచ్చిందంటే ఇది అసలు ఆర్డరే అయి ఉండాలి. కాగితం మీద ముద్ర సరిపోయింది, సంతకం సరిపోయింది. "కోడ్?" అన్నాడు.

"గుమ్మడికాయ," అంది సోలాంజ్. అదీ సరిపోయింది. అతను ఊపిరి పీల్చుకున్నాడు.

మేజర్ పూజే వైపు తిరిగాడు. "నలభై జతలు. వెంటనే ఎక్కించు."

పూజే నమలడం ఆపాడు. అన్నం ముందున్న మనిషిని పలకరించే ఆ ఒక్క మాటా మేజర్ నోట రాలేదు. ఈ దేశంలో అప్పులవాడు కూడా ముందు ఆ మాట అనే నోరు విప్పుతాడు. సోలాంజ్ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కెర్ద్రాన్ అది చూశాడు.

మేజర్ చెయ్యి పిస్తోలు మీదికి వెళ్లేలోగా పూజే వైన్ సీసా అతని నెత్తిన పగిలింది. సోలాంజ్ జేబులోంచి మొహం పౌడరు డబ్బా తీసి కటకటాల్లోంచి లోపలికి విసిరింది. అందులోంచి బుస్సుమని చప్పుడు వచ్చింది. నిప్పుబాంబు. కెర్ద్రాన్ భుజం దాకా చెయ్యి దూర్చి, వేళ్లు కాలుతుండగా వత్తి పీకేశాడు. ఇంకో రెండు సెకన్లయితే నలభై జతలూ బూడిదే.

సోలాంజ్‌ను కుర్చీకి కట్టేశాడు. మేజర్ స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

"వాడికి యాస నేర్పాను, కుంటడం నేర్పాను," అంది ఆమె. "ఆ మాట నేర్పలేదు. అది ఒకరు నేర్పాల్సిన మాటని తోచలేదు, అర్మెల్."

"ఎందుకు చేశావు?"

"గెలిచేవాళ్ల వైపు ఉందామని. నువ్వు ఎప్పుడైనా ప్రయత్నించావా?"

ఇప్పుడు లారీ కూడా ఉంది. కెర్ద్రాన్ కమాండెంట్ తాళం మీద రెండు తూటాలు కాల్చాడు. అది కదల్లేదు. హోటళ్లన్నీ తిరిగాడు. వలసజనం తప్ప కమాండెంట్ ఎక్కడా లేడు. అవతలి ఒడ్డున యాన్ ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. ఒకటీ నలభైకి ఆగిపోయాయి. కెర్ద్రాన్ లారీ మెట్టు మీద కూలబడి ఏడ్చాడు.

సరిగ్గా రెండింటికి కమాండెంట్ వచ్చాడు. తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ప్రభుత్వం నుంచి ఫోన్ వచ్చింది. ఇరవై వేల జనాభా దాటిన ఊళ్లలో యుద్ధం చెయ్యకూడదట. వంతెన పేల్చకూడదు. డిపోలోంచి ఏదీ కదలకూడదు, పాడవకూడదు. శత్రువులు అప్పుడే వంతెన దాటేశారు."

పూజే ఇంకేం చెయ్యాలో తోచక మిగిలిన రొట్టె ముందు కూర్చున్నాడు.

బయట మోటారు సైకిళ్లు ఆగాయి. బూడిదరంగు యూనిఫామ్‌లో ఒక కుర్ర అధికారి గుమ్మంలోకి వచ్చాడు. పూజేను చూసి టోపీ తీశాడు.

"తృప్తిగా తినండి," అన్నాడు శుభ్రమైన ఫ్రెంచిలో. "పట్టీలు నలభై జతలేనా?"