మఠం గదిలో ప్రసంగం

మా దీవిలో సన్యాసుల మఠం వెనక గోడ పక్కనుంచి ఒక మేకల దారి ఉంది. పొద్దు గూకితే ఆ దారిన ఎవడూ పోడు. పోయినవాడికి గోడవతల ఎవరో ప్రసంగం చేస్తున్నట్టు సన్నగా గొణుగుడు వినిపిస్తుంది. ఆ గోడవతల ఉండేది పుస్తకాల గది. మనుషులుండరు.

అచ్చుయంత్రాలు కొత్తగా వచ్చిన కాలం నాటి ప్రసంగాల పుస్తకం ఒకటి అందులో ఉండేది. కొయ్య అట్టలు, పైన పందితోలు, ఇత్తడి కొక్కేలు. ఎత్తితే చంటిపిల్లాడంత బరువు. మహమ్మారి వచ్చిన ఏడాది ఒక సన్యాసి దాన్ని ముందు పెట్టుకుని చదువుతూ, సగం మాటలో కూలిపోయాడట. అప్పట్నుంచే ఈ గొణుగుడని పెద్దవాళ్ళు అనేవాళ్ళు.

రాళ్ళు చెక్కే యెర్కో నాకు చెప్పిన సంగతి ఇది.

ఆ చలికాలం, మఠంలో మిగిలిన ఒకే ఒక్క సన్యాసి, ఫాదర్ సెరాఫిన్, మంచాన పడ్డాడు. మర్నాడు పట్నం నుంచి పడవ వస్తుంది... ఆ పుస్తకాన్ని ప్రదర్శనశాలకి పట్టుకుపోతారు.

"ఒక్కసారి దాన్ని తాకి పోతానురా," అన్నాడు ఫాదర్.

మంచం చుట్టూ చేరిన, తుఫానులోనైనా వలలేసే మొగాళ్ళంతా చెప్పుల వైపు చూసుకున్నారు.

"తెల్లారనీ, తెద్దాం," గొణిగాడొకడు.

"తెల్లారేదాకా ఆయనుంటాడా? నువ్వుంచుతావా?" అని లాంతరు అందుకున్నాడు యెర్కో. వాడికి అక్షరాలు దిద్దించింది ఆ ఫాదరే మరి.

ఉత్తరపు గాలి తలుపుల్ని బాదుతోంది. పుస్తకాల గదికి పోయే పొడుగాటి వసారా... సగం దూరం పోయేసరికి వినిపించింది.

గొంతు. మగ గొంతు. లాటిన్‌లో, ఆగి ఆగి. మధ్యలో చిన్న దగ్గు. తర్వాత — మందపాటి కాగితం తిరగేసిన చప్పుడు.

యెర్కో వెనక్కి పోదామనుకున్నాడు. దుప్పటి మీద తడుముకుంటున్న ఫాదర్ ముసలి వేళ్ళు గుర్తొచ్చాయి. కళ్ళు మూసుకుని తలుపు తోశాడు...

గొంతు టక్కున ఆగింది.

కొవ్వొత్తి వెలుగులో, తెరిచిన పుస్తకం ముందు, నల్ల శాలువా కప్పుకున్న వీపు. మెల్లగా ఇటు తిరిగింది.

మఠంలో వంట చేసే పెరినా!

"నువ్వా అత్తా! చంపేశావు గదే!" యెర్కోకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "ఊరంతా హడలి చస్తోంది. ఇన్నాళ్ళూ చదివేది నువ్వా?"

పెరినా పెదాల మీద వేలు పెట్టింది.

"నాకు చదువెక్కడిదిరా? వినడానికొచ్చాను," గుసగుసగా అంది. "నువ్వు చప్పుడు చేశావు... ఆపేశాడు."

యెర్కో పుస్తకం మీదికి చెయ్యి చాపాడు. చెయ్యి సాగలేదు.

"అలా లాక్కోకు. అడుగు," అంది పెరినా.

ఎవర్ని? ఎటు తిరిగి? యెర్కో టోపీ తీసి, చీకటి మూలకేసి చూసి అన్నాడు — "అయ్యా... మా ఫాదర్ పోతున్నారు. ఒక్కసారి తాకుతారట. తీసుకెళ్ళమంటారా?"

యెర్కో చెవులు రిక్కించాడు.

తర్వాత, గాలి లేని ఆ గదిలో, కొవ్వొత్తి మంటయినా కదలకుండా... పై అట్ట నెమ్మదిగా లేచి, పుస్తకం మూసుకుంది.

ఫాదర్ సెరాఫిన్ తెల్లవారుజామున పోయాడు, చెయ్యి ఆ పందితోలు మీదే ఉంచి. పుస్తకం పడవెక్కి పట్నం పోయింది.

పెరినా మాత్రం ఆ గదికి వెళ్ళడం మానలేదు. మొన్న రేవులో చేపలు తోముతుంటే ఉండబట్టలేక అడిగాను, "అత్తా, పుస్తకమే లేదుగా? ఇంకా ఏం వింటావక్కడ?"

ఆమె తలెత్తకుండానే, కత్తి నీళ్ళలో జాడించి అంది:

"ఇన్నేళ్ళయింది గదరా... ఆయనకి కంఠతా వచ్చేసింది."