కప్పి పంపిన వీడియో

అక్షత సంచి సర్దుతోంది. రెండు జతల కాలేజీ యూనిఫారాలు, నర్సింగ్ పుస్తకాలు, దువ్వెన, ఒక దుప్పటి. ఏది ముందు పెట్టాలో తెలియక పెట్టినవే తీసి మళ్లీ పెడుతోంది. గడపలో నిలబడి మనోరమ చూస్తోంది. ఎవరైనా సంచి సర్దుతుంటే మనోరమకు కాళ్లు ఒక చోట నిలవవు. అద్దెకున్న పిల్ల పరీక్షలు దగ్గర పెట్టుకుని, బుధవారం పూట ఎక్కడికి బయలుదేరినట్టు?

"పండుగ లేదు, పబ్బం లేదు. ఊరికెందుకు పోతున్నవే?"

"ఊరికి గాదు ఆంటీ."

"మరెక్కడికి?"

"తెల్వది."

ఆ మాట వినగానే మనోరమ లోపలికి వచ్చి, సంచిని ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. "సంగతి చెప్పినంకనే ఇస్త. అప్పటిదాక నేను లెవ్వ."

అక్షత ఏడవలేదు. ఫోన్ తీసి చేతికిచ్చింది.

అక్షతది ఝరాసంగం పక్క పల్లె. నర్సింగ్ రెండో సంవత్సరం. ఫ్యాక్టరీ ఉద్యోగుల కుటుంబాలు ఊళ్లకు వెళ్లినప్పుడు వాళ్ల ఇళ్లలో ఉండి, కుక్కలనూ పిల్లులనూ చూసుకుని, ఆ వచ్చిన దానితో ఫీజు కట్టుకుంటోంది. పోయిన వారం ఇంజనీరు వెంకటేశ్వరరావు ఇంట్లో ఉంది. ఆయనా, భార్య భారతీ తునిలో పెళ్లికి వెళ్లారు. వాళ్ల కుక్క బుజ్జికి అక్షత తోడు. ఇప్పుడు ఎవరిదో తెలియని నంబరు నుంచి ఆమెకు ఒక వీడియో వచ్చింది. ఆ ఇంటి వెనక గదిలో ఆమె బట్టలు మార్చుకుంటున్న వీడియో. కింద ఒక మాట: శనివారం లోపల జహీరాబాద్ విడిచి వెళ్లిపో. ఎవరికీ చెప్పకు. లేకపోతే ఇది మీ అన్నకు వెళ్తుంది.

"మా అన్న సూస్తే ఏమైతది ఆంటీ? చదువు బంద్. ఇంట్ల కూసోబెడ్తడు. గందుకే నేనే ఎటన్న పోత."

మనోరమ లేచింది. సంచి మాత్రం వదల్లేదు. "నువ్వు పోయేది నాతోని. మా సార్ దగ్గరికి."

మనోరమ సార్ అనేది దేవరాజ్‌ని. బీదర్ రోడ్డులో టైర్ల దుకాణం పైన ఆయన డిటెక్టివ్ ఆఫీసు. న్యాల్‌కల్ మనిషి. బీమా కంపెనీలకు దొంగ క్లెయిములు పట్టిస్తూ సగం జీవితం గడిపి, ఇప్పుడు సొంతంగా కేసులు చూస్తున్నాడు. మనోరమ అక్కడ రిపోర్టులు రాస్తుంది. ఆయన ఏది చూసినా తను చూడనిదేదో చూస్తాడని ఆమెకు గట్టి నమ్మకం.

ఆ రోజు మాత్రం దేవరాజ్ అసలు చూడనే లేదు. అక్షత ఫోన్ ముందుకు జరిపితే చేత్తో వెనక్కి నెట్టాడు.

"చూసినోళ్లు చాలు బిడ్డా. నేను చూడ. మనోరమక్క చూసి చెప్తది, నేను ఇంట."

మనోరమ గొంతు సవరించుకుంది. ఇన్నేళ్లలో ఇలాంటి పని ఆమెకు పడలేదు. ఏది వదిలేస్తానో, ఏది తప్పు చెబుతానో అని ఫోన్‌ని కళ్లకు దగ్గరగా పట్టుకుంది.

"కెమెరా నేలకు దగ్గరుంది సార్. మంచం కోళ్లు పెద్దగ కనబడుతున్నయ్. అడుగున నీలం రంగు గీత, వంపు తిరిగి ఉంది. మొదలు అంత కుక్క మొహమే. ఏదో తింటున్నది. ఒక్కసారి ఉలిక్కిపడి, తినేది వదిలేసి మంచం కిందికి దూరింది. అది పోయినంకనే అక్షత కనబడుతది."

"బట్టలు..."

"కనబడయి సార్. మెడ నుంచి మోకాళ్ల దాక నల్ల పట్టీ వేసిన్రు. మొహం ఒక్కటే తెలుస్తది."

దేవరాజ్ కుర్చీలో ముందుకు వంగాడు. "అక్షత కదిలితే?"

మనోరమ మళ్లీ చూసింది. "పట్టీ గూడ కదులుతది. యాడ జారలే."

"అంటే కూసొని ఓపికగ వేసిన పని." ఆయన అక్షత వైపు తిరిగాడు. "ఆ ఇంట్ల కెమెరా ఉన్నదని నీకు తెల్సా బిడ్డా?"

"హాల్ల ఒకటుంది సార్. భారతి మేడం ముందే చెప్పింది. స్నానానికి పోయేటప్పుడు దానిమీద తువ్వాల ఏస్తా అన్న, సరే అన్నది. తువ్వాలేసిన రోజు కెమెరా పని చేస్తలేదని షాపాయన వికాస్‌ని పంపిన్రు. ఆయన తువ్వాల తీసి, ఇదే రిపేరు అని నవ్విండు. నా నంబర్ గూడ తీస్కున్నడు."

"వెనక గదిలో?"

"ఏం లేదు. నేను మంచి జూసుకున్న. బల్ల మీద, ఫ్యాన్ మీద, అన్ని."

"మరి కుక్క ఆ గదిలో ఎందుకు తింటున్నది?"

"ఎవరన్న పక్కన కూసుంటెనే తింటది సార్. గందుకే దాని తిండి మిషన్ నా గదిలకు తెచ్చుకున్న."

"ఆ పొద్దు ఏమన్న సప్పుడు ఇన్నవా?"

"చెవులల్ల పాటలు పెట్టుకున్న."

దేవరాజ్ లేచాడు. చెప్పులు వేసుకున్నాడు.

వికాస్ దుకాణం మెయిన్ రోడ్డులోనే. విషయం చెప్పగానే మనిషి చేతిలో పని వదిలేసి లేచాడు.

"హాల్ల ఒక్కటే పెట్టిన సార్, ఖసమ్. నంబర్ తీస్కున్న మాట నిజమే. మా అమ్మ దవాఖానలుంటే పొద్దుమాపు చూసేటోళ్లు కావాలె, గందుకు."

"హాల్ కెమెరా నల్లగ అయిందని నీకు ఫోన్ చేసింది ఎవరు?"

"రావు సారే. పెళ్లిల ఉండి మూడుసార్లు చేసిండు. ఇల్లు కనబడ్తలేదని ఆయనకు మస్తు ఫికర్."

ప్రశాంతి కాలనీలో తలుపు తీసింది భారతి. అక్షతను చూడగానే ఆమె కళ్లు నేల మీదికి వాలాయి. ఆ వెనకే తోక ఆడించుకుంటూ తెల్లటి బుజ్జి వచ్చి అక్షత కాళ్ల మీద పడింది. భోజనాల బల్ల పక్కన తిండి మిషన్ నిలబడి ఉంది, బిందె ఎత్తు ఉంటుంది. ముందు నీలం రంగు పళ్లెం.

"టైముకి అదే పెడుతుందండీ," అంది భారతి. "మా ఇద్దరి ఫోన్లలోనూ తెలుస్తుంది. ఆయనే కొన్నారు, నాకంత తెలీదు. కూర్చోండి, టీ పెడతాను."

టీ ఎవరూ అడగలేదు. ఆమె లోపలికి వెళ్లాక గిన్నె కింద పడిన చప్పుడైంది. మనోరమ దేవరాజ్ వైపు చూసింది. ఆయన మిషన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, పళ్లెం పైన మెరుస్తున్న నల్లటి చుక్కను చూస్తున్నాడు. చొక్కా గుండీ అంత కూడా లేదు.

ఇంతలో వెంకటేశ్వరరావు డ్యూటీ దిగి వచ్చాడు. "ఎవరండీ?" అన్నాడో లేదో, బుజ్జి సోఫా కిందికి వెళ్లిపోయింది.

"నన్ను చూస్తే ఇంతేనండి," అని నవ్వాడాయన. "ఇంట్లో ఒకళ్లకైనా భయం ఉండాలిగా."

వీడియో సంగతి విని ఆశ్చర్యపోయాడు. జాలిపడ్డాడు. కెమెరా షాపు వాళ్లను నమ్మకూడదన్నాడు. శుక్రవారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి తేల్చేద్దామని దేవరాజ్ అంటే సరేనన్నాడు కూడా.

మధ్యలో గురువారం గడవడం కష్టమైంది. ఫోన్ మోగితే అక్షత లేచి నిలబడేది. ఆమె లేస్తే మనోరమ లేచేది. అన్నం గిన్నె ముందు ఇద్దరూ ఒకరినొకరు తినమనడమే గానీ తిన్నది లేదు.

శుక్రవారం సాయంత్రం రావు ఇంటి హాల్లో వికాస్, భారతి, రావు, అక్షత కూర్చున్నారు. తిండి మిషన్‌ని వెనక గదిలో, అక్షత పెట్టుకున్న చోటనే పెట్టించాడు దేవరాజ్. పళ్లెంలో తిండి పడింది. తలుపు తెరిచి ఉంచి, మనోరమను బుజ్జి పక్కన కూర్చోమన్నాడు.

"మొదట అందరం హాల్ కెమెరానే అనుకున్నం," అని మొదలుపెట్టాడు. "కానీ ఆ బొమ్మ నేల దగ్గర నుంచి తీసింది. అడుగున కనబడిన నీలం గీత ఈ పళ్లెం అంచు. గదిలోకి కెమెరా ఎవరో దొంగతనంగ తేలేదు. కుక్క ఒంటరిగ తినదని అక్షతే మోసుకొచ్చింది. దీనికి కన్నున్నదని ఆమెకు ఎవరూ చెప్పలే. చెప్పాల్సినోళ్లు ఇద్దరు. వికాస్‌కు ఇందులో పని లేదు."

వికాస్ రెండు చేతులూ జోడించాడు. "అల్లా, భగవంతుడు, ఇద్దరికీ దండం."

"దీనికి కన్నే కాదు, నోరు గూడ ఉన్నది. ఫోన్లో మాట్లాడితే ఇక్కడ వినబడుతది. భారతమ్మా, జర మీ ఫోన్ల మాట్లాడండి."

భారతి ఫోన్ ఎత్తి "బుజ్జీ, తిన్నావా నాన్నా" అంది. లోపల మిషన్ అదే మాట పలికింది. "తోక ఆడిస్తున్నది సార్! మిషన్‌ని నాకుతున్నది!" అని మనోరమ అరిచింది.

"వికాస్, నువ్వు."

"ఏం మాట్లాడాలె సార్? ఏ బుజ్జీ, బాగున్నవా?"

"మొరుగుతున్నది. తిండి దగ్గర నుంచి మాత్రం కదల్లే."

"ఇప్పుడు రావు గారు."

"నేనెందుకండీ?" రావు లేచాడు. "నా ఇంట్లో కూర్చుని నాకే పరీక్షలా? కుక్క సాక్ష్యం చెబుతుందా? ఏం తమాషా ఇది!" ఆయన గొంతు ఇల్లంతా వినిపించింది.

వెనక గదిలో పళ్లెం కదిలిన చప్పుడైంది. మనోరమ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"సగం తిండి వదిలి మంచం కిందికి పోయింది సార్. వీడియోల లెక్కనే."

"ఆ పొద్దు కుక్క మొహం కన్నుకు అడ్డమున్నది," అన్నాడు దేవరాజ్. "పక్కకు పొమ్మని ఫోన్లో అదిలించింది మీరు. ఆ వీడియో తీసుకున్నది గూడ మీరు. హాల్ నల్లగ అయిందని మూడుసార్లు ఫోన్ చేసినోళ్లు, ఈ కన్ను తెరిచి చూడలేదంటే ఎట్ల నమ్మాలె?"

రావు భార్య వైపు చూశాడు. "సరే, యాప్‌లో ఏదో పడి ఉంటుంది. కానీ నేనెవరికీ పంపలేదు. ఒట్టు. భారతీ, నువ్వైనా చెప్పవే."

"అది నిజమే," అన్నాడు దేవరాజ్. "పంపింది మీరు కాదు."

దేవరాజ్ ఒక్కో వేలు మడుస్తూ చెప్పాడు.

"బెదిరించేటోడు ఏదో ఒకటి అడుగుతడు. ఈ మనిషి ఏం అడగలే, పిల్ల పోతే చాలన్నది. ఇంకొకటి. బెదిరించేటోడు ఒళ్లు కప్పడు. ఈ మనిషి కూసొని, ఆమె కదిలిన చోటల్లా కప్పింది. పరాయి పిల్ల ఒళ్లు తన చేతుల మీదుగ ఇంకో ఫోన్‌కు పోతుంటే తట్టుకోలేకపోయింది. అవునా భారతమ్మా?"

భారతి తల ఎత్తలేదు. "తుని నుంచి వచ్చాక ఆయన ఫోన్లో చూశాను. రాత్రంతా ఆలోచించి, కప్పి, కొత్త నంబరు తీసుకుని పంపాను. ఆయన్ని అడిగితే నాకు ఈ ఇల్లుండదు. ఈ పిల్ల వెళ్లిపోతే... ఏమీ జరగనట్టే ఉండొచ్చనుకున్నాను. మీ అన్నకి పంపేదాన్ని కాదమ్మా, నిజంగా పంపేదాన్ని కాదు."

అక్షత లేచి ఆమె ముందుకు వచ్చింది. "నన్ను కప్పిన్రు మేడం. మరి ఆయన్ని ఎందుకు కప్పిన్రు?"



అక్షత ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, అన్న రామ్‌కిషన్‌కు కలిపింది. మనోరమ ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అన్నా, ఎవరో చెప్తే వినుడు కంటే నేనే చెప్త," అంటూ మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా మొత్తం చెప్పింది. అవతల ట్రాక్టర్ ఆగిన చప్పుడు వినిపించింది.

"అన్నా?"

"ఉన్న."

"చదువు బంద్ చేపిస్తవా?"

"తప్పు చేసిందెవరు, చదువు బంద్ ఎవరికి? పిచ్చి లేసిందా?" గొంతు మోటుగా ఉంది, తడిగా కూడా ఉంది. "వస్తున్న. ఠాణా కాడికి వస్త. నేనొచ్చేదాక ఆ ఇంట్ల మంచినీళ్లు గూడ తాగకు."

భార్యాభర్తల ఫోన్లూ, తిండి మిషనూ ఆ సాయంత్రమే పోలీసుల చేతికి వెళ్లాయి. భారతి తన తప్పుతో సహా అంతా వాంగ్మూలంలో చెప్పింది. రావు ఆమె చేతిని పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. రామ్‌కిషన్ ఠాణా ముందు షేర్ ఆటో దిగి, వచ్చి చెల్లెలి పక్కన నిలబడ్డాడు. మనోరమ ఇంటికి వచ్చి నలుగురి అన్నం ఒక్కడే తిన్నాడు. అక్షత అక్కడే ఉండి పరీక్షలు రాసింది.

"చూడకుండ ఎట్ల పట్టిన్రు సార్?" అని మనోరమ అడిగింది.

"నువ్వు చూసినవు కద," అన్నాడు దేవరాజ్.

ఆదివారం పొద్దున భారతి బుజ్జిని ఎత్తుకుని మనోరమ ఇంటి ముందు కారు ఆపించింది. లోపలికి రాలేదు. అక్షత బుజ్జి తల నిమిరింది. తునిలో పుట్టింట్లో నాలుగు రోజులుండి వస్తానని, కేసు పిలిస్తే తప్పకుండా వస్తానని భారతి చెప్పింది.

కేసు పిలుపు వచ్చినప్పుడు ఆమె తుని నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పింది. భారతి జహీరాబాద్ తిరిగి రాలేదు. నాలుగు రోజులని చెప్పి ఆమె వెళ్లింది రెండు వేల ఇరవై నాలుగు, ఆగస్టు నెల, చివరి ఆదివారం.