కుడి భుజం మీద పైట

కన్నకూతురై ఉండీ స్పందన తల్లికి ఆఖరి చీర కట్టలేదు. పరాయివాళ్ళు కట్టారు. అదీ తప్పుగా కట్టారు. కేశవరావు లెక్కలో ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆయన భార్య చాముండేశ్వరి పోయి రెండేళ్ళయింది. పక్షవాతంతో మంచాన పడి, ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోయింది. అంత్యక్రియలు జరిపించే ఫ్యునరల్ హోమ్‌లో ఆఖరి చూపుకి జనం వచ్చేసరికి ఆమె పైట కుడి భుజం మీద ఉంది. "అదేంటి, గుజరాతీ కట్టు కట్టారు?" అని తెలిసినావిడ లక్ష్మీకాంతం పక్కావిడతో అనడం కేశవరావు చెవిన పడింది. అంతకు కాసేపటి ముందు, తల్లిని సిద్ధం చేస్తున్న గదిలోంచి స్పందన పరుగెత్తుకుంటూ బయటికి రావడం ఆయన కళ్ళారా చూశాడు. శవాన్ని చూసి భయపడి పారిపోయి వచ్చిందని అక్కడే తేల్చేసుకున్నాడు. ఎందుకొచ్చావని కూతుర్ని అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు.

ఈ రోజు ఉదయం డెట్రాయిట్ శివారు నోవైలో సన్నగా మంచు పడుతోంది. స్పందన తలుపు దగ్గర నిలబడి బూట్లు తొడుక్కుంటోంది.

"నాన్నా, ఉప్మా మైక్రోవేవ్‌లో పెట్టా. తినేయ్. నిన్నటిలాగా వదిలేయకు."

"ఎక్కడికి?"

"క్లాస్‌కి. ఇంకెక్కడికి?"

"నేనూ అదే అడుగుతున్నా. ఇంకెక్కడికి అని."

స్పందన చెయ్యి బూటు జిప్పు మీద ఆగింది. "పబ్లిక్ హెల్త్ నాన్నా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"సరే. వెళ్ళు."

కారు వెళ్ళిపోయాక కూడా ఆయన కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఊరి బడిలో చదివి, పాలిటెక్నిక్ గట్టెక్కి, అమెరికాలో కార్ల విడిభాగాలకు అచ్చులు చేసే షాపులో జీవితం గడిపినవాడు. ఎక్కడ వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టుకోవడం ఆయన పని. కూతురి దగ్గర ఆ తేడా ఎప్పుడో పట్టుకున్నాడు.

చదువుకునే పిల్ల ఇంటికొస్తే ముందు ఫ్రిజ్ తెరుస్తుంది. ఈ పిల్ల గరాజ్‌లోంచి నేరుగా బేస్‌మెంట్‌కి దిగుతుంది. ఒంటి మీది బట్టలు వాషర్‌లో పడేసి, అంత చలిలోనూ తలస్నానం చేసి గానీ పైకి రాదు. ఒకసారి ఆయన గరాజ్‌లో ఎదురైతే రెండడుగులు వెనక్కి వేసింది. కోటు దగ్గర ఏదో మందు వాసన. సిగరెట్టు కాదు, అత్తరు కాదు. మనిషన్నవాడు దాచుకునేది ఏదైనా ఉంటేనే అంతగా కడుక్కుంటాడు. చెడు తిరుగుడో, మత్తుమందో, లేకపోతే ఏ పనికిమాలినవాడితోనో స్నేహమో. మూడింటిలో ఏదన్నది మాత్రమే ఆయనకు తేలలేదు.

ఉప్మా చల్లారిపోతుండగా ఫోన్ మోగింది. లక్ష్మీకాంతం.

"అన్నయ్యగారూ, చెప్పాలా వద్దా అని రెండ్రోజులుగా మథనపడుతున్నానండీ."

"చెప్పాలనేగా ఫోన్ చేశారు. చెప్పండి."

"మా హంసిక కూడా అదే కాలేజీలో పబ్లిక్ హెల్త్ కదా. మీ అమ్మాయి ఒక్క క్లాసులో కూడా కనపడలేదట! అసలా డిపార్ట్‌మెంట్‌లోనే లేదంటోంది. నాకెందుకులెండి... కానీ తల్లి లేని పిల్ల కదా అని—"

"తండ్రి ఉన్నాడు. పెట్టేస్తున్నా."

ఉప్మా తినలేదు. కోటు వేసుకున్నాడు. స్పందన కారు ఎక్కడుందో ఇన్సూరెన్స్ కంపెనీ యాప్ ఫోన్‌లో చూపిస్తుంది. ఇన్నాళ్ళూ దాన్ని తెరవకపోవడం తన మంచితనం అనుకునేవాడు. ఈ రోజు తెరిచాడు. డెట్రాయిట్‌లో కాలేజీ పెద్ద భవనాలన్నిటికీ దూరంగా, ఒక చివర నిలిచి ఉంది కారు.

మంచులో ఫ్రీవే మీద నెమ్మదిగా డ్రైవ్ చేశాడు. దారి పొడుగునా కూతురికి చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాడు. చదువు మానిపించాలి. కారు తాళాలు తీసుకోవాలి. కాదంటే ఇల్లు వదలమనాలి. తన ఇంట్లో అబద్ధానికి చోటు లేదు.

పాత ఇటుకల భవనం. గుమ్మం పక్కన బోర్డు మీద 'మార్చురీ సైన్స్' అని ఉంది. అందులో మొదటి మాట ఆయనకు తెలుసు. ఆసుపత్రుల్లో ఆ మాట ఉన్న తలుపు వైపు ఎవరూ వెళ్ళరు. బోర్డు రెండుసార్లు చదివి లోపలికి నడిచాడు.

హాలు చివర అద్దాల తలుపు. లోపల బల్ల మీద మనిషంత ప్లాస్టిక్ బొమ్మ పడుకోబెట్టి ఉంది. చుట్టూ తెల్లకోట్ల పిల్లలు నలుగురైదుగురు. మధ్యలో స్పందన ఆకుపచ్చ చీర ఒకటి పట్టుకుని, బొమ్మ నడుము చుట్టూ తిప్పలేక అవస్థ పడుతోంది. కేశవరావు అద్దం మీద వేలితో కొట్టాడు.

స్పందన తలెత్తింది. బయటికొచ్చి తలుపు మూసింది.

"నాన్నా... నువ్వెలా—"

"ఏం చదువు ఇది?"

"ఫ్యునరల్ డైరెక్టర్ కోర్స్."

"శవాల చదువు."

"అవును. అందుకే ఇంటికి రాగానే తలస్నానం చేసేది. నీకు మైల పట్టింపు కదా. చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు."

"ఒప్పుకోను. సొంత తల్లిని తాకలేక పారిపోయి వచ్చినదానివి, ఊళ్ళోవాళ్ళ శవాల్ని ముట్టుకోవడానికి చదువు కావాల్సొచ్చిందా? సిగ్గులేదూ?"

ఆయన గొంతు హాలంతా వినపడింది. లోపలి పిల్లలు అటు తిరిగారు. స్పందన ఏడవలేదు. అదే ఆయనకు ఇంకా కోపం తెప్పించింది.

"పారిపోయానా? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పడమెందుకు? నా కళ్ళతో చూశా."

"నువ్వు డోర్ బయట చూశావ్ నాన్నా. లోపల చూళ్ళేదు. అమ్మకి స్నానం నేనే చేయించా, నేనూ ఆ ఫ్యునరల్ హోమ్ డైరెక్టర్ లేడీ కలిసి. జుట్టు నేనే దువ్వా. బొట్టు నేనే పెట్టా. చీర దగ్గరికొచ్చేసరికి నాకు రాలేదు. నాకు చీర కట్టుకోవడమే రాదు, ఫంక్షన్స్‌కి అమ్మే కట్టేది కదా. ఇంక పడుకున్న అమ్మకి ఎలా కట్టను? ఎవరినైనా పిలుద్దామని పరుగెత్తుకొచ్చా."

"అక్కడ ఆడవాళ్ళు అంతమంది ఉన్నారుగా."

"అందరినీ అడిగా! లక్ష్మీకాంతం ఆంటీ, ఇంట్లో వ్రతం పెట్టుకున్నాం అమ్మా అన్నారు. ఇంకో ఆంటీ, మా కోడలు ప్రెగ్నెంట్, నేను ముట్టుకోకూడదు అన్నారు. వాళ్ళందరూ మంచివాళ్ళే. కానీ ఎవరూ రాలేదు. లాస్ట్‌కి నీ దగ్గరికొచ్చా. గుర్తుందా? 'నాన్నా' అన్నా. నువ్వు చెయ్యి అడ్డంగా ఊపావ్. వెళ్ళు అన్నట్టు."

కేశవరావు తన చేతి వంక చూసుకున్నాడు.

"ఇంకేం చేయను? నా ఫోన్‌లో అమ్మా నేనూ ఉన్న సెల్ఫీ ఆవిడకి చూపించా, ఇలా కట్టాలి అని. నా ఫోన్‌లో సెల్ఫీ తిరగబడి వస్తుంది, లెఫ్ట్‌ది రైట్‌లో. ఆవిడ ఫోటోలో ఉన్నట్టే పైట వేసింది. చూసేసరికి జనం వచ్చేశారు." ఇప్పుడు ఆమె కోటు చేత్తో కళ్ళు ఒత్తుకుంది. "ఇంకే అమ్మాయీ అలా హాల్లో పరుగెత్తకూడదు అనుకున్నా నాన్నా. అంతే. అందుకే ఈ చదువు."

కేశవరావు గోడకి చెయ్యి ఆనించాడు.

చాముండేశ్వరి మంచాన పడ్డాక కూడా నైటీలో ఎవరి కంటా పడనని పట్టుబట్టింది. ఆసుపత్రిలో దుప్పటి మార్చే నర్సు రోగిని ఎలా పక్కకి తిప్పుతుందో చూసి వచ్చి, కేశవరావు తలుపేసి రోజూ తనే ఆమెకు చీర కట్టేవాడు. మొదట్లో గంట పట్టేది. తర్వాత చేతులకు అలవాటైపోయింది. సంగతి కూతురికి కూడా తెలియకూడదని ఆమె ఒట్టు వేయించుకుంది. అప్పట్లో ఆన్ ఆర్బర్ ఊళ్ళో కాలేజీ హాస్టల్లో ఉన్న స్పందన, వారం వారం వచ్చినప్పుడు హోమ్ నర్సు కట్టిందనే అనుకునేది.

ఆ రోజు ఆ భవనంలో పడుకున్న మనిషికి చీర కట్టడం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి అడగడానికే పిల్ల వచ్చింది. వాడు చెయ్యి ఊపి పంపేశాడు.

ఆయన తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. పిల్లలు పక్కకి తప్పుకున్నారు. స్పందన కంగారుగా వెనకే వచ్చింది.

"నాన్నా, ప్లీజ్, ఇక్కడ గొడవ వద్దు—"

"ఆ చీర ఇటివ్వు. మనిషి చుట్టూ చీర తిప్పకూడదు. చీర మీదికి మనిషిని తిప్పాలి."

చీర ఒక కొస వెడల్పున చుట్టి, బొమ్మని పక్కకి ఒత్తిగిల్లజేసి, ఆ చుట్ట నడుము కిందికి తోశాడు. ఇటువైపు తిప్పి అవతలి నుంచి లాగాడు. కుచ్చిళ్ళు తన వేళ్ళ మీదే పెట్టి, ఒత్తి, బొడ్డు దగ్గర దోపాడు. పాదాల దగ్గర అంచు సరిచేశాడు. మిగిలిన కొంగు ఎడమ భుజం మీదికి తెచ్చి, మడత విరగకుండా అరచేత్తో ఒకసారి నిమిరాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఒక నల్లజాతి పిల్ల మెల్లగా, ఇంకొక్కసారి చూపిస్తారా అని ఇంగ్లీషులో అడిగింది. కేశవరావు చీర విప్పి మళ్ళీ మొదటి నుంచి కట్టాడు. ఈసారి ఆయన కళ్ళ నుంచి నీళ్ళు బొమ్మ మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. చేతులు ఖాళీగా లేవు.

స్పందన అవతలి వైపు నిలబడి తండ్రి చేతులనే చూస్తోంది. ఆమెకు అంతా తెలిసిపోయింది.

"అమ్మకి... రోజూ నువ్వేనా?"

ఆయన పాదాల దగ్గర అంచు మరోసారి సరిచేశాడు.

బయట పార్కింగ్ లాట్‌లో మంచు ఆగిపోయింది. స్పందన ఆయన కారు అద్దం మీది మంచు గీకింది. ఆయన వద్దనలేదు.

"నాన్నా, చదువు మానేయమంటావా?"

"నేనెందుకంటాను? కానియ్యి. ఇంటికొచ్చాక బేస్‌మెంట్‌లో దూరక్కర్లేదు. పైనే స్నానం చెయ్. అక్కడ నీళ్ళు వేడిగా ఉంటాయి."

స్పందన ఏడుస్తూనే నవ్వింది. ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నా, ఆ రోజు నేను వచ్చినప్పుడు నువ్వు గనక—"

"ఆపు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది.

"ఈ రెండేళ్ళూ నిన్ను క్షమించలేదు. ఇప్పుడు క్షమించకూడనివాడు ఇంకొకడు తేలాడు. వాడి సంగతి నేను చూసుకుంటా. ఆ రోజు మాట నువ్వు ఎత్తొద్దు. నేను చచ్చేదాకా ఎత్తను."

కారు స్టార్ట్ చేశాడు.