కంటికి కనబడే గాలి

పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోయడానికి బాల్కనీలో వంగిన ప్రవళిక ముఖానికి సాలెగూడు మెత్తగా అంటుకుంది. "ఛీ!" అంటూ రెండు చేతులతో తుడిచేసుకుంది. చేతిలోని మగ్గు జారి నీళ్లన్నీ కాళ్ల మీద పడ్డాయి.

"జర చూస్కొని పో బిడ్డా. రాత్రంత తిప్పలపడి కట్టుకున్నది అది," అన్నాడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఓదెలు.

ఓదెలు ప్రవళికకు మామగారు. గోదావరిఖనిలో బొగ్గుబాయి పని. రిటైర్మెంటుకు ఇంకో రెండేళ్లుంది. తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో బాయి పని ఆగిపోయేసరికి, భార్య పోయాక క్వార్టర్లో ఒంటరిగా ఉంటున్న తండ్రిని సాయిచంద్ పట్టుబట్టి హైదరాబాదులో మణికొండలోని తమ ఫ్లాటుకు తీసుకొచ్చాడు. "రిటైరయినంక ఎట్లాగూ మన దగ్గరికే రావాలె గద, ఇప్పటినుంచే అలవాటు కానీ," అన్నాడు భార్యతో. ప్రవళిక సంతోషంగానే సరేనంది. అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు గానీ, మామగారి సంగతి ఏ సామెతా చెప్పదు. అది ఆమెకు ఈ మూడు వారాల్లో తెలిసొచ్చింది.

మనిషి చెడ్డవాడేం కాదు. తిన్న కంచం తనే కడుక్కుంటాడు, కూరలో ఉప్పు తక్కువైనా మాట్లాడడు. కానీ కాలు ఒకచోట నిలవదు. ఆమె మూసిన కిటికీలన్నీ తెరుచుకుంటూ తిరుగుతాడు. దోమలొస్తున్నాయని ఆమె మూస్తే మళ్లీ తెరుస్తాడు. ఇంటి నుంచి పనిచేసుకునే ఆమె గదిలో ఆఫీసు వాళ్లతో మాట్లాడుతుంటే కూడా తలుపు తోసుకొచ్చి, కిటికీ రెక్క లాగి, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోతాడు. వీటన్నిటినీ ఎలాగో ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది సాలీళ్లను. ఆమె ప్రాణంగా పెంచుకున్న ముప్పై కుండీల్లో ఇప్పుడు గూడు లేనిది ఒక్కటీ లేదు. దేన్నీ ముట్టనివ్వడాయన.

"దసరా ఇంక రెండు రోజులే ఉంది మామయ్యా. బూజు దులపకుండ పండుగ ఎట్ల చేసుకుంటం?"

"గోడలకున్నది దులుపు. చెట్లకున్నది ఉండనీ. నీ చెట్లకు పట్టే పురుగుల్ని అవే తింటున్నయి గద."

"వాటిని చూస్తె నాకు ఒళ్లు జలదరిస్తది."

"నిన్ను చూస్తె వాటికి గూడ గంతే బిడ్డా," అని నవ్వాడు ఓదెలు.

ఆమెకు నవ్వు రాలేదు. "నువ్వన్న చెప్పవా సాయీ?" అంది ఆఫీసుకు బయల్దేరుతున్న మొగుడితో.

"బాపుకు నేను చెప్పుడా?" అంటూ సాయిచంద్ హెల్మెట్ తగిలించుకుని గుమ్మం దాటేశాడు. ఇంట్లో ఇద్దరి మధ్య నలగడం కంటే గచ్చిబౌలి ట్రాఫిక్‌లో నలగడమే అతనికి హాయి.

ఆ రోజు పదకొండింటికి ప్రవళికకు ముఖ్యమైన కాల్ ఉంది. నాలుగేళ్ల ఉద్యోగంలో మొదటిసారి తన పనిని పైవాళ్లకు తానే చూపించబోతోంది. మూడు వారాలు నిద్ర మానుకుని చేసిన పని అది. సరిగ్గా పది నలభైకి కరెంటు పోయింది. పొద్దున్నే రెండు గంటలు పోయిన కరెంటుకు ఇన్వర్టరు అప్పటికే చేతులెత్తేసింది. అపార్ట్‌మెంటు జనరేటర్‌లో డీజిల్ అయిపోయి రెండు రోజులైంది. ల్యాప్‌టాప్ కాసేపు కొట్టుకుని కన్ను మూసింది. పదకొండుంబావుకు మేనేజరు ఫోన్ చేశాడు. "ఏం ఫరవాలేదు ప్రవళికా, నీ బదులు మన టీమ్‌లోని సంధ్య చూపించేసింది. బాగుందన్నారు," అన్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఓదెలు వచ్చాడు. ఆమె బల్ల మీది మనీప్లాంటు వంక చూశాడు, వెళ్లి కిటికీ రెక్క లాగాడు.

"కరెంటెందుకు పోయిందో తెలుసా మామయ్యా?" ప్రవళిక కుర్చీలోంచి లేచింది. "బొగ్గు లేక! అక్కడ మీరు బాయి బంద్ పెట్టి, ఇక్కడ కూసొని సాలీళ్లకు కాపలా కాస్తున్నరు!"

"తెలంగాణ నీకొద్దా బిడ్డా?"

"నాకెందుకొద్దు? లింగంపల్లిల పుట్టినదాన్ని నేను! కానీ నా కష్టం ఇంకొకరు చూపించుకున్నరు. నా బాధ ఎవలకు చెప్పుకోవాలె?"

ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మూలనున్న బూజుకర్ర అందుకుని ముందు మనీప్లాంటు గూడు దులిపేసింది. హాల్లో ఫెర్ను, గుమ్మం దగ్గర క్రోటన్లు, బాల్కనీలో తులసి, దేన్నీ వదల్లేదు. "ఆగు బిడ్డా, ఆగు," అంటూ ఓదెలు చెయ్యెత్తాడు. మళ్లీ తనే దించేశాడు.

"ఇది నా ఇల్లు. నా ఇష్టమొచ్చినట్టు ఉంచుకుంట!"

నోరు జారింది. ఓదెలు లోపలికి వెళ్లి రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకున్నాడు.

"పోతున్న బిడ్డా. సాయికి నేనే ఫోన్ చేసి చెప్త."

"సమ్మెల బస్సులు లెవ్వు గద," అంది ప్రవళిక, మొహం తిప్పుకునే.

"లింగంపల్లి దాక నడుస్త. రైలు దొరికితె దొరుకుతది."

తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లాడు. పోతే పోనీ అనుకుంది. అనుకున్న మరుక్షణమే బాల్కనీలోకి వెళ్లి కింద గేటు వైపు చూసింది. కరెంటు లేక లిఫ్టు ఆగినా ఐదంతస్తులు దిగడానికి ఎంతసేపు? ఐదు నిమిషాలయ్యాయి. పది, పదిహేను అయ్యాయి. గేటు దాటి ఎవరూ పోలేదు. ప్రవళిక చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

మెట్ల దారికి కిటికీ లేదు. పట్టపగలే చీకటి గుయ్యారంలా ఉంది. ఫోన్ లైటు వేసుకుని దిగితే, మూడో అంతస్తు కింద మెట్టు మీద ఓదెలు కనిపించాడు. సంచీ ఒళ్లో పెట్టుకుని, చొక్కా గుండీలు విప్పుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్లంతా చెమటలు.

"మామయ్యా! ఏమైంది? గుండె నొప్పా?"

"లేదు బిడ్డా. గాలి... గాలి ఆడుతున్నదో లేదో తెలుస్తలేదు."

ముప్పై ఏళ్లు భూమి అడుగున పనిచేసిన మనిషి మెట్ల మీద చంటిపిల్లాడిలా వణుకుతున్నాడు. ప్రవళిక పక్కనే కూలబడి చున్నీతో విసరసాగింది. ఆ గాలికి కాస్త తేరుకుని ఆయన చెప్పసాగాడు.

"పోచయ్య అని నా జోడీగాడుండె, బాయిల ఇద్దరం కలిసి పనిచేసేటోళ్లం. బాయిల పాత దార్ల కట్టెల నడుమ సాలీళ్లు గూళ్లు పెడ్తయి. గూడు ఊగితె గాలి ఆడుతున్నట్టు. ఊగకుంటె ఆడనే ఆగాలె. మా పెద్దోళ్లు గట్ల నేర్పిండ్రు. ఒకనాడు నేను ముంగట నడుస్తున్న. గూడు ముఖానికి తగిలింది. నీ లెక్కనే ఛీ అని తుడిచేసిన. ఊగుతున్నదా లేదా చూడలే. నేను కండ్లు తుడుసుకుంటుంటే పోచయ్య నన్ను దాటి లోపలికి పోయిండు."

ప్రవళిక విసరడం ఆపేసింది.

"లోపల గాలి లేదు. పడ్డోడు ఇగ లేవలే. సాయికి గూడ తెల్వదు బిడ్డా. ఇయ్యాల్టిదాక ఎవలకు చెప్పలే."

"మరి మళ్ల బాయిల ఎట్ల దిగినరు మామయ్యా?"

"బాయిల గూళ్లుంటయి గద, చూసుకుంట పోయేటోణ్ని. ఈడ అన్నీ మూసిన అద్దాలె. పొద్దంత నువ్వు ఆ అర్రల తలుపేసుకొని కూసుంటవు. నీ చెట్టు మీది గూడు ఊగకుంటె నాకు కాలు నిలవదు. గందుకె అచ్చి కిటికీ తీసేది."

రోజుకు పదిసార్లు తలుపు తోసుకొచ్చిన మనిషిని తను ఎన్నిసార్లు విసుక్కుందో ప్రవళికకు గుర్తొచ్చింది. ఆయన ముసలి చాదస్తంతో తిరుగుతున్నాడనుకుంది. కానీ మూడు వారాలుగా ఆయన తనకే కాపలా కాస్తున్నాడు. చున్నీలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడువకు బిడ్డా. నీ పని ఖరాబైంది, కోపమస్తది."

"ఇంటికి పోదాం పాండ్రి మామయ్యా. నోరు జారిన. మీరు పోతె ఆ ఇంట్ల నాకు గూడ ఊపిరాడదు."

ఓదెలు లేచాడు. రెండు మెట్లెక్కి మళ్లీ ఆగాడు. "గూళ్లన్నీ పోయినయి గద. ఇగ నాకెట్ల తెలుస్తది?" అన్నాడు బెంగగా.

పైకి వచ్చాక ప్రవళిక చున్నీ అంచు నుంచి సన్నటి దారప్పోగు లాగింది. తన బల్ల మీది మనీప్లాంటు కొమ్మకు కట్టి వేలాడదీసింది. ఇద్దరూ దాని ముందు నిలబడ్డారు. పోగు కదల్లేదు. ఓదెలు కాళ్లు అటూ ఇటూ మార్చసాగాడు. ప్రవళిక రెండో కిటికీ కూడా తెరిచింది.

"ఊగుతున్నది," అన్నాడు ఓదెలు, చాలాసేపు చూసి.

దసరా వెళ్లిన మూడో రోజుకు ఆ దారానికీ ఆకుకీ మధ్య ఒక చిన్న సాలీడు గూడు కట్టుకుంది. ప్రవళికకు ఒళ్లు ఇప్పటికీ జలదరిస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం తలుపు తెరిచే ఉంచి, ఒక చెవికే హెడ్‌ఫోన్ పెట్టుకుని కాల్‌లో ఉండగా ఎందుకో తలెత్తి చూసింది. గూడు కదలడం లేదు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది.

"మీరు కూసోండి మామయ్యా," అని కేకేసింది ప్రవళిక, కుర్చీలోంచి లేస్తూ. "కిటికీ నేను తీస్తున్న."