ఎర్రచుక్క బొమ్మలు

సాయంత్రం ఏడింటికి కోడలు బొమ్మల సంచీని హాల్లో బోర్లించింది. బకెట్టు, రెండు పారలు, జల్లెడ, చేప అచ్చు, నక్షత్రం అచ్చు, చక్రం ఊడిన ట్రాక్టరు. ఏడు. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు లెక్కపెట్టినప్పుడు ఎనిమిది. పసుపుపచ్చ లారీ లేదు.

“అత్తయ్యా, లారీ ఏది?”

వంటగదిలో అత్తగారు కూర తరుగుతోంది. కత్తి ఆగలేదు. “పార్కులో ఉండిపోయినట్టుందమ్మా. రేపు వచ్చేస్తుందిలే.”

వచ్చేస్తుందట! దానికి చక్రాలున్న మాట నిజమే గానీ, తనంతట తను వీధులు దాటి, గేటు తీసుకుని వస్తుందా? కోడలు ఆ మాట పైకి అనలేదు. నాలుగేళ్ళ కొడుకు బుడ్డోడి వైపు చూసింది. వాడు నానమ్మ వైపు చూశాడు. నానమ్మ కూర వైపు చూసింది. ఆ చూపుల్లో ఏదో ఉంది... తను లేనప్పుడు ఈ ఇంట్లో నడుస్తున్నదేదో!

మర్నాడు లారీ వచ్చింది, జల్లెడ పోయింది. ఆ మర్నాడు జల్లెడ వచ్చింది, చేప అచ్చు పోయింది. పోయిన వస్తువు పోయినట్టే ఉంటే కోడలు ఒక పూట గొణుక్కుని ఊరుకునేది. పోవడం, మళ్ళీ రావడం, అదీ ఆమె మనసును తొలిచేసింది. తన కొడుకు బొమ్మలతో ఇంకెవరి ఇంట్లోనో ఇంకెవరి పిల్లాడో ఆడుకుంటున్నాడన్నమాట. ఎవరి పిల్లాడు? అత్తగారి కూతురు, అంటే తన వదిన, ఊరికి అటు చివర ఉంటుంది. ఆమెకూ ఈ ఈడు కొడుకే. ప్రతి గురువారం వాణ్ణి తీసుకుని అమ్మను చూడ్డానికి పార్కుకే వస్తుంది. ఇంటికి రాకుండా పార్కుకి ఎందుకు రావాలి?

కోడలిది బట్టల ఫ్యాక్టరీలో చెకింగు పని. రోజంతా ట్యూబులైటు కింద నిలబడి, బల్ల మీదికొచ్చే చొక్కాను తిరగేసి, కాలరు, కఫ్, జేబు, కాజాలు చూడాలి. కుట్టు తప్పినచోట ఎర్రబాణం స్టిక్కరు అంటించాలి. ఆమె కన్ను తప్పించుకుని ఒక్క పోగు కూడా బయటికి పోదని సూపర్‌వైజరు పదిమందిలో చెబుతాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర టోపీ, ఏప్రన్ విప్పి ఇచ్చేస్తుంది. ఆ కన్ను మాత్రం ఇంటికి వెంటబెట్టుకుని వస్తుంది.

ఆమెకీ కారణం ఉంది. ఐదుగురు అక్కచెల్లెళ్ళలో నాలుగోది. అక్కలు వదిలేసిన గౌన్లు, అక్కలు చెయ్యి విరిచేసిన బొమ్మలు... ‘ఇది నాది’ అని చెప్పుకోడానికి ఒక్క వస్తువు లేకుండా పెరిగింది. తన కొడుక్కి ఆ గతి పట్టకూడదు. అందుకే వాడికి మాటలు వచ్చినప్పుడే ఈ మాట నేర్పింది. ఎవరైనా బొమ్మ అడిగితే ‘మా అమ్మని అడగాలి’ అనాలి. బొమ్మలు పోవడం మొదలవకముందే, ఒక సెలవురోజు కూర్చుని ప్రతి బొమ్మ అడుగునా నెయిల్‌పాలిష్‌తో ఎర్రచుక్క పెట్టింది. ఇక ఎవరూ మాదని బుకాయించలేరు.

నెల తిరక్కుండా ఆ సీసా దాదాపు అడుగంటింది. తను గోళ్ళకు వేసుకోదు. అత్తగారు పుట్టి బుద్ధెరిగి వేసుకోలేదు. మరి ఆవిడ చూపుడువేలి మీద ఎర్రమరక ఎక్కడిది? ఆ వారమే వదిన గోళ్ళు ఎర్రగా మెరవడం ఫోన్లో ఫొటోలో చూసింది. అంతే, తప్పిన కుట్టు దొరికినట్టయింది. బొమ్మలు కూతురి కొడుక్కి, రంగు కూతురికి. రేపు ఇంకేం తరలిపోతాయో!

ఏమాటకామాట, కోడలు అరవలేదు. భర్త అన్నం తింటుండగా, మీ అమ్మగారు కొన్నాళ్ళు వాళ్ళమ్మాయి దగ్గరుంటే ఆవిడకీ మార్పుగా ఉంటుందనీ, బుడ్డోణ్ణి ఫ్యాక్టరీ పక్కన పిల్లల్ని చూసుకునేచోట వదలొచ్చనీ చెప్పింది. అతను బస్సు డ్రైవరు. బస్సులో అరవైమందిని సర్దగలడు గానీ, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య హారను కూడా కొట్టలేడు. కంచంలోకి చూస్తూ, “నీ ఇష్టం” అన్నాడు.

గోడ అవతల అత్తగారు విన్నది. పొద్దున్నే ఆవిడే వచ్చి, ఆదివారం కూతురి దగ్గరికి వెళ్తానని చెప్పింది. ఎందుకని కోడలూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఒకటే అడిగింది.

“శనివారం దాకా వాణ్ణి పార్కుకి నేనే తీసుకెళ్తానమ్మా. ఆ నాలుగు సాయంత్రాలు నాకివ్వు.”

ఆ మాటకి ఇంకొకరైతే కరిగిపోయేవారే... కోడలికి మాత్రం అనుమానం రెట్టింపయింది. వెళ్ళిపోయే మనిషికి పార్కులో తెమల్చుకోవలసిన పనేమిటి?

శనివారం పూటసెలవు పెట్టింది. ఇంటికి రాకుండా నేరుగా పార్కుకి వెళ్ళి, కుళాయి పక్కన గోడ చాటున నిలబడింది. ఇసుకలో ఎనిమిదిమంది పిల్లలు. అందరి మధ్యా బుడ్డోడు సొరంగం తవ్వుతున్నాడు. బెంచీ మీద అత్తగారు. రెండుజడల పిల్ల ఒకతె పసుపుపచ్చ లారీలో ఇసుక ఎత్తుతోంది. లారీ బోల్తా పడింది. అడుగున ఎర్రచుక్క!

కోడలు గోడ చాటునుంచి ఎలా వచ్చిందో తెలీదు. లారీ లాక్కుంది. “ఇది మాది. ఎక్కడిది నీకు?”

పిల్ల పెదవి వణికింది. మందుల షాపు కోటు వేసుకున్న ఒకావిడ పరుగెత్తుకొచ్చింది.

“అది మాదేనండీ. వాళ్ళ మావయ్య తెచ్చాడు. మీది అదిగో, మీవాడి కాలి దగ్గరుంది.”

చూసింది. నిజమే. వెనక తలుపు మీద గీత పడిన తన లారీ, సొరంగం పక్కనే ఉంది.

“మరి దీనికి చుక్క ఎందుకుంది?”

“బెంచీ మీది మామ్మగారు పెట్టారు. అన్నిటికీ ఉంది, తిప్పి చూడండి.”

కోడలు వంగి ఒక్కొక్కటే తిప్పింది. ఎవరిదో పడవ, చుక్క. ఎవరిదో బంతి, చుక్క. ఎవరింటి వంటగదిలోంచో వచ్చిన గరిటె, దానికీ చుక్క. ఒకే రంగు, ఒకే చోట. ఇన్నేళ్ళ చెకింగులో ఇలాంటి సరుకు ఎప్పుడూ చూడలేదు.

మందుల షాపు ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చింది. మొదట్లో బుడ్డోడు ఎవర్నీ బొమ్మ ముట్టుకోనిచ్చేవాడు కాదట. అడిగితే ‘మా అమ్మని అడగాలి’ అనేవాడట. అమ్మ ఫ్యాక్టరీలో ఉండేది. పిల్లలు అడిగి అడిగి దూరంగా పోయి ఆడుకునేవారు. ఎనిమిది బొమ్మలూ ఒళ్ళో పెట్టుకుని వాడొక్కడూ పొద్దుగుంకేదాకా కూర్చునేవాడట. చూడలేక మామ్మగారు ఒకరోజు, చుక్కున్న బొమ్మ అందరిదీ, చుక్క లేనిది ఒక్కరిదీ అని చెప్పారు. ఇక మాదానికీ చుక్క పెట్టు, మాదానికీ పెట్టు అని పిల్లలు ఆవిణ్ణి పీక్కుతిన్నారు. వంతులవారీగా రోజుకొకరు బుడ్డోడి బొమ్మ ఒకటి ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. పట్టుకెళ్ళినవాళ్ళు మర్నాడు తేవాలి.

“తేవాలంటే రావాలి కదండీ. అలా మీవాడికి రోజూ జత దొరుకుతోంది” అంది ఆవిడ.

కోడలికి తల కొట్టేసినట్టయింది. దొంగను పట్టే ఆనవాలని తను పెట్టిన చుక్క... అది చూసుకునే ఇంతమంది పిల్లలు తన కొడుకు దగ్గర చేరారు!

అప్పుడు బుడ్డోడు తలెత్తి అమ్మను చూశాడు. చేతిలోని పార పడేశాడు. పిల్లల చేతుల్లోంచి జల్లెడ లాక్కున్నాడు, చేప లాక్కున్నాడు, బకెట్టు లాక్కున్నాడు. ఒకడు ఏడుపు మొదలెట్టాడు. అన్నీ పొట్టకి అదుముకుని అమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“నేనెవ్వరికీ ఇవ్వలేదమ్మా. అన్నీ ఉన్నాయి, లెక్కపెట్టుకో.”

ఇసుకలో ఏడుగురు పిల్లలూ ఆమె వైపే చూస్తున్నారు. ఒళ్ళో బొమ్మలు పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న పిల్లాడు ఎలా ఉంటాడో, ఆవిడ చెప్పినప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కళ్ళెదుట ఉన్నాడు. కోడలు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, తన చేతిలో ఇంకా ఉన్న లారీని రెండుజడల పిల్లకిచ్చింది. కొడుకు ఒళ్ళోని చేప అచ్చు తీసి ఏడుస్తున్నవాడికిచ్చింది. మిగతావి వాడే ఇచ్చాడు. ఒక్కోటీ ఇచ్చేముందు అమ్మ మొహం చూసి మరీ ఇచ్చాడు.

బెంచీ దగ్గరికి వెళ్ళడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా.”

“నీ మాట కాదన్నానని నీకెలా చెప్పనమ్మా? నువ్వేమో వాడికి ఏ లోటూ రాకూడదని అంత శ్రద్ధగా చుక్కలు పెట్టుకున్నావు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. వాణ్ణలా చూస్తూ కూర్చోడానికి ప్రాణం ఒప్పలేదు.” అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. “అడక్కుండా నీ రంగు వాడాను. అది నా తప్పే.”

మరి వదిన గోళ్ళు? ఆ ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. కోడలు నాలుక్కరుచుకుంది. ఊళ్ళో ఎర్రరంగు సీసా తనదొక్కటేనా! అత్తగారి చేయి పట్టుకుని, వెళ్ళొద్దని అడిగింది.

అత్తగారు వెంటనే ఊఁ అనలేదు. ఆ పార్కులో అందరికంటే పెద్దావిడైనా, ఆవిడకూ మనసు నొచ్చింది. కూతురికి వస్తానని చెప్పేశాను, అక్కడి మనవడు ఎదురుచూస్తుంటాడు, వెళ్ళాలి అంది. ఎన్నాళ్ళకని అడిగితే చెప్పలేదు.

ఆదివారం పొద్దున బస్సు డ్రైవరు తల్లి బట్టల సంచీ అందుకోబోతే, కోడలు ఆగమంది. లోపలికెళ్ళి నెయిల్‌పాలిష్ సీసా తెచ్చింది. కుంచెతో సీసా అడుగు గీకితే ఒక్క చుక్కకు సరిపడా వచ్చింది. సంచీని పక్కకు వాల్చి, అడుగున పెట్టి, ఆరేదాకా నోటితో ఊదింది.

గడపలో చెప్పులు వేసుకుంటూ అత్తగారు అదంతా చూసింది.

“ఇదేంటమ్మాయ్?”

“చుక్కున్నవి అందరివీ అత్తయ్యా. ఈ పూట వదిన తీసుకెళ్తోంది.” కోడలు సంచీని ఆవిడ వైపు జరిపింది. “తీసుకెళ్ళినవాళ్ళు తేవాలని చెప్పండి.”

అత్తగారు సంచీని కొడుక్కి ఇవ్వకుండా తనే పట్టుకుంది. మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి కేకేసింది.

“బుధవారం సాయంత్రం ట్రాక్టరు ఎవరూ పట్టుకెళ్ళకుండా చూడు. చక్రం నేనొచ్చి బిగిస్తాను.”