తెరకు వీపు

"ఏయ్, ఆ లైటు తియ్యి!"

చీకటి హాల్లో సీట్లు చూపించే అమ్మాయి టార్చి సరిగ్గా అతని మొహం మీద పడింది. తెర పక్కన, యూనిఫాంలో, జనం వైపు తిరిగి నిలబడ్డాడు కానిస్టేబుల్.

"స్క్రీన్ మీ వెనకుంది సార్."

"తెలుసు. నా డ్యూటీ సినిమా మీద కాదు, చూసేవాళ్ళ మీద."

ఆ సినిమాలో ఒక జైలు కాపలావాడు మంచి పని చేస్తాడు. అక్కడ జనం చప్పట్లు కొడుతున్నారు. ప్రభుత్వానికి అది గిట్టలేదు. బొమ్మ ఆపేస్తే పరువు పోతుందని, చూసేవాళ్ళ మీద కాపలా పెట్టింది. చప్పట్లు కొట్టినవాళ్ళని వ్యాన్ ఎక్కిస్తున్నారు. కొందరు ఇంకా ఇంటికి రాలేదు.

సీట్లు చూపించే ఆ అమ్మాయికి కానిస్టేబుల్ని చూస్తేనే ఒళ్ళు మండేది. ఇంటర్వెల్లో అతనే వచ్చి పలకరించాడు.

"ఆ సీన్లో అంత ఏముంది?"

"టికెట్ కొనుక్కుని చూడండి."

"చెప్తే నీ సొమ్మేం పోయింది?"

ఆమె నవ్వు ఆపుకుంది. "ఖైదీకి కూతురు పుడుతుంది. ఎత్తుకోడానికి కాపలావాడు సంకెళ్ళు తీస్తాడు."

"అంతేనా? వాడి ఉద్యోగం ఊడదూ?"

"ఊడుతుంది."

మర్నాటి నుంచి అతను రెండు టీలు తెచ్చేవాడు. ఆమె విసుక్కుంటూనే తాగేది. ఆ విసుగు ఉత్తదేనని ఇద్దరికీ తెలుసు.

ఒక మ్యాట్నీకి ఇన్‌స్పెక్టర్ వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. అదే ఆటకి, చెప్పాపెట్టకుండా, ఆమె నాన్న వచ్చి కూర్చున్నాడు. ఆయన దర్జీ. తెర మీద మంచి జరిగితే చప్పట్లు కొట్టకుండా ఉండటం ఆయన వల్ల కాదు.

"నాన్నా, ఇంటికెళ్ళిపో."

"టికెట్ కొన్నానే తల్లీ!"

తెర మీద సంకెళ్ళు విడిపోయాయి. నాన్న చప్పట్లు మోగాయి. ఆమె చేతిలో టార్చి జారి పడింది.

కానిస్టేబుల్ ముందు నాన్నని చూశాడు, తర్వాత ఆమెని. గిర్రున తెరవైపు తిరిగి తనూ గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"ఎవడ్రా మొదలుపెట్టింది?" ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

"నేనే సార్."

అతన్ని కాలర్ పట్టుకుని లాక్కెళ్ళారు. ఆమెకి అన్నం సయించలేదు. వ్యాన్ చప్పుడు వినబడితే చాలు, వీధిలోకి పరుగెత్తేది. అతనంటే తనకి ప్రాణమని అప్పుడు తెలిసింది.

కొన్నాళ్ళకి అతను మామూలు చొక్కాలో వచ్చాడు. పెదవి చిట్లింది. చేతిలో టికెట్ ఉంది.

"ఉద్యోగం?"

"ఊడింది."

"ఆయన మా నాన్నేనని మీకెలా తెలుసు?"

"తెలీదు. నీ మొహం చూశాను, అర్థమైపోయింది. ఇన్నాళ్ళూ ఆ చీకట్లో నేను చూసింది నీ మొహమేగా."

ఆమె ఆ ఆటకి సెలవు పెట్టేసింది. నాన్న అతన్ని ఒక పక్కన, కూతుర్ని మరో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తెర దగ్గర కొత్త కానిస్టేబుల్ కన్నార్పకుండా చూస్తున్నాడు. సీన్ దగ్గరపడుతోంది. నాన్న చేతులు చప్పట్లకి పైకి లేస్తున్నాయి.

"నాన్నా, వద్దు," ఆమె గుసగుసగా బతిమాలింది.

నాన్న గబుక్కున ఇద్దరి చేతులూ లాగి, ఒకదాని మీద ఒకటి తన ఒళ్ళో పెట్టి, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"ఇలాగే ఉండండర్రా," అన్నాడు. "వదిలానంటే చప్పట్లు కొట్టేస్తాను."